వైరస్‌కు నేటివిటీ సర్టిఫికెట్

మన రాష్ట్రంలో మనిషికి నేటివిటీ సర్టిఫికెట్ కావాలంటే మీసేవలో దరఖాస్తు పెట్టాలి. వీఆర్వో విచారించాలి. ఆర్‌ఐ రాయాలి. తహసీల్దారు గారు జిల్లా మీటింగుకు వెళ్లని రోజు చూసుకుని ఆయన సంతకం సంపాదించాలి. వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివానని స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తేనే లోకల్, లేకపోతే నాన్‌లోకల్. ముల్కీ గొడవలు, 371-డి, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు, ఇవన్నీ నడిచింది స్థానికత అనే ఆ ఒక్క ముక్క మీదే. అలాంటి చోట, కంటబడి ఏడాదైనా నిండని ఒక జీవికి, అదీ అడక్కుండానే, 2021 మే నెల మొదటి వారంలో నేటివిటీ సర్టిఫికెట్ చేతికొచ్చేసింది. పేరు: ఎన్440కె. ముద్దుపేరు: ఏపీ స్ట్రెయిన్. స్వస్థలం: ఆంధ్రప్రదేశ్. పుట్టుమచ్చలు: ఒకటి.

చిక్కల్లా ఏమిటంటే, అక్కడ ఉన్నది ఆ పుట్టుమచ్చే. మచ్చ తాలూకు మనిషి లేడు.

కరోనా వైరస్ ఒంటి మీద ముళ్లలాంటి ప్రొటీన్ ఉంటుంది కదా, అందులో 1273 అమైనో ఆమ్లాలు వరసగా ఉంటాయి. 440వ స్థానంలో మామూలుగా ఆస్పరాజిన్ ఉంటుంది. శాస్త్రజ్ఞుల పొట్టి రాతలో దాని గుర్తు ఎన్. అది పోయి లైసిన్ వచ్చి కూర్చుంటే, దాని గుర్తు కె. ఎన్440కె అంటే అంతే. అది వైరస్ పేరు కాదు, రకం పేరూ కాదు. ఒక సీటులో జరిగిన బదిలీ. ఈ బదిలీ ఏ వైరస్ వంశంలోనైనా, ఏ దేశంలోనైనా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరగొచ్చు. పదో తరగతి సర్టిఫికెట్టులో ‘కుడి మోచేతి మీద పుట్టుమచ్చ’ అని ఉంటుంది. ఆ మచ్చ చూసి ఫలానావాడని పోల్చుకోవచ్చు కాని, మచ్చకే రేషన్ కార్డు రాసివ్వరు. మనం రాసిచ్చాం.

వైరస్‌ల కులగోత్రాలు తేల్చడానికి వేరే పెద్దలున్నారు. అంతర్జాతీయ వర్గీకరణ సంఘం వారు 2020 ఫిబ్రవరి 11న ఈ కొత్త వైరస్‌ను సార్స్ కోవ్-2 అన్నారు. నిడోవైరలీస్ క్రమం, కొరోనావిరిడే కుటుంబం, బీటాకొరోనావైరస్ ప్రజాతి, సార్బెకోవైరస్ ఉపప్రజాతి అని వంశవృక్షంలో కూర్చోబెట్టారు. జాతి కంటే కిందికి ఆ సంఘం దిగదు. అక్కణ్నించి కింది శాఖలకు పాంగో అనే పద్ధతిలో బి.1.36, బి.1.617 లాంటి లెక్క పేర్లు పెడతారు. ఆ పేరు దక్కాలంటే ఒక్క మచ్చ చూపిస్తే చాలదు. దాదాపు ముప్పై వేల అక్షరాల జన్యు పాఠం మొత్తం చదవాలి. ఎవరి నుంచి ఎవరు పుట్టారో తేలాలి. అది ఒక చోట నిజంగానే వ్యాపించిందని రుజువు కావాలి. మన తహసీల్దారు ఆఫీసు కంటే కట్టుదిట్టం. దక్షిణాదిలో ఎన్440కె ఎక్కువగా కనిపించింది బి.1.36 శాఖలో. ఆ శాఖకు సొంతపేరు ముందునుంచీ ఉంది. కాకపోతే చుక్కలూ అంకెలూ కలిసిన పేరు హెడ్డింగులో ఇమడదు. ‘ఏపీ’ అయితే రెండక్షరాలు.

అసలు కథ హైదరాబాద్‌లో సీసీఎంబీ ప్రయోగశాలలో మొదలైంది. అక్కడి శాస్త్రజ్ఞులు ఈ మార్పున్న వైరస్‌ను ప్రయోగశాలలో పెంచే కణాల మీద వదిలి, పాత రకాలతో పోల్చారు. ఒక రకం కంటే పది రెట్లు, ఇంకొక రకం కంటే వెయ్యి రెట్లకు పైగా వైరస్ ఉత్పత్తి అయిందని, ఇంకా తోటి శాస్త్రజ్ఞుల పరిశీలన పూర్తికాని పత్రంలో రాశారు. గాజు పాత్రలో కణాలు అంటే కణాలే. వాటికి ఊపిరితిత్తులుండవు, రోగనిరోధక శక్తి ఉండదు, బీపీ షుగర్లుండవు, పక్కింటివాళ్లుండరు. కాని ఆ గాజు పాత్ర మూత తియ్యగానే అందులోంచి ‘పదిహేను రెట్లు’ అని ఒక అంకె, ‘వెయ్యి రెట్లు’ అని ఇంకో అంకె ఎగిరొచ్చి టీవీ తెర మీద వాలాయి. వైరస్ ఉత్పత్తి వెయ్యి రెట్లు కాస్తా ‘వెయ్యి రెట్లు ప్రాణాంతకం’ అయింది. పత్రం మొత్తం చదివినవాళ్లెందరో తెలీదు గాని, స్క్రోలింగ్ చదవనివాళ్లు లేరు. అదే సీసీఎంబీ శాస్త్రజ్ఞులు మైకు ముందుకొచ్చి, నాయనా, ఎన్440కె పాత సంగతి, అది తగ్గుముఖం పట్టింది, ఇప్పుడు దాన్ని తోసేసి బి.1.617 పెరుగుతోంది అని మొత్తుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం కూడా ఏప్రిల్ శాంపిళ్లలో ఎక్కువగా దొరికింది బి.1.617 అనే చెప్పింది. ‘తగ్గుముఖం’ అనే మాటకి మన దేశంలో హెడ్డింగు యోగం లేదు.

మే 6న ఢిల్లీలో ఉత్తర్వు వెలువడింది. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో కొత్త రకం వైరస్ దొరికింది, అది తొందరగా బయటపడుతుంది, తొందరగా ముదురుతుంది, కనుక ఆ రెండు రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు పద్నాలుగు రోజులు ప్రభుత్వ క్వారంటైన్‌లో ఉండాలి. రెండు డోసుల టీకా కాగితమో, నెగెటివ్ కాగితమో ఉంటే ఇంట్లోనే ఏడు రోజులు. అప్పటికి ఢిల్లీలోనే ఆక్సిజన్ లేదు, మంచాల్లేవు, శ్మశానాల్లో చోటు లేదు. ఆ రోజుల్లో ఢిల్లీకి పట్టిన గండం శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చే మేస్త్రీ అని ఎవరికి తట్టిందో గాని, ఆ బుర్రకు దండం పెట్టాలి.

ఒక పాత సంగతి గుర్తు చెయ్యకపోతే నాకు నిద్ర పట్టదు. 2020లో రాష్ట్రమంతా కేసులతో ఉడికిపోతుంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చాలా రోజులు సున్నా దగ్గరే ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో మొదటి మూడు కేసులు ఏప్రిల్ 25న పాతపట్నం మండలంలో బయటపడ్డాయి. ఒకే కుటుంబం. ఆ ఇంటికి ఢిల్లీ ప్రయాణంతో సంబంధం ఉందని అప్పుడు అధికారులే చెప్పారు. ఆ రోజు దాన్ని ‘ఢిల్లీ స్ట్రెయిన్’ అని మా పాతపట్నంలో ఒక్కరూ అనలేదు. మేం అమాయకులం. జబ్బొస్తే జబ్బొచ్చిందంటాం గాని, దాని ఆధార్ అడగం.

ఇక మా సరిహద్దు సంగతి. ఢిల్లీ దూరం కాబట్టి పోనిద్దురూ. ఒడిశా మాకు పెరటి గుమ్మం. అదే మే నెలలో ఒడిశా ప్రభుత్వం కూడా ఆంధ్ర, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లందరికీ పద్నాలుగు రోజుల క్వారంటైన్ వేసింది. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో సరిహద్దు బిగించింది. పటం మీద అది గీత. పాతపట్నంలో అది మహేంద్రతనయ నది. నదికి ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి. ఇటువాళ్ల కూతురు అటు కోడలు. అటువాళ్ల సంతలో ఇటువాళ్ల కూరగాయలు. ఇచ్ఛాపురంలో గుండె పట్టేస్తే మనుషులు శ్రీకాకుళం వైపు చూడరు, బరంపురం వైపు పరిగెడతారు. దగ్గరది అదే. ఆ దారిలో పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి అవతలికి అడుగుపెట్టేవాడితో ఆ వారం సంభాషణ ఎలా ఉండుంటుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు.

“ఎక్కడ్నించి?”

“ఇచ్ఛాపురం బావూ. ఇక్కడికి కూతవేటు.”

“ఆంధ్రా స్ట్రెయిన్ ఉందా?”

“నాకు షుగరుంది బావూ. మరేటీ నేదు. అదెవులిస్తారో సెప్తే తెచ్చుకుంతాను.”

“పద్నాలుగు రోజులు లోపల.”

“పెరుగు కేను బండి మీదున్నాది బావూ, అది పులిసిపోదేటి?”

ఈ మొత్తం ప్రహసనంలో శాస్త్రానికి కూడా అంతుపట్టని చోటు ఒకటుంది. సాలూరు కొండల మీద కొఠియా గ్రామాలు. ఇరవయ్యొక్క ఊళ్లు. మావంటే మావని ఆంధ్ర, ఒడిశా 1968 నుంచి సుప్రీంకోర్టులో తగువులాడుకున్నాయి. యథాతథ స్థితి అన్నారు, అది ఇప్పటికీ యథాతథంగానే ఉంది. అక్కడివాళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు రాష్ట్రాల ఓట్లు. 2021 ఫిబ్రవరిలో అక్కడ మూడు ఊళ్లలో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే, ఒడిశా కోర్టు ధిక్కారం అంటూ మళ్లీ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. మూడు నెలలు తిరక్కుండా ఏపీ స్ట్రెయిన్ వచ్చింది. ఇప్పుడు చెప్పండి. కొఠియాలో ఒక గిరిజనుడికి జ్వరమొచ్చింది. అతని ముక్కులో ఉన్నది ఏ రాష్ట్రపు వైరస్? ఏపీ స్ట్రెయిన్ అని రాస్తే ఒడిశా ఊరు వదులుకున్నట్టు. కాదని రాస్తే ఆంధ్ర వదులుకున్నట్టు. ఊరు మాదే అని యాభయ్యేళ్లకు పైగా కొట్టుకునే ఇద్దరూ ఆ జ్వరం మాత్రం పక్కవాడిదే అనుండేవారు. దేశంలో భూమి తగాదా తీర్చడానికి ఇంత చవకైన పద్ధతి ఇంకోటి లేదు. సర్వే రాళ్లు పీకి, ముక్కులో పుల్ల పెట్టడమే.

మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? ఢిల్లీ వాళ్లు, ఒడిశా వాళ్లు మనల్ని అనుమానిస్తుంటే మనం ఒకటై జవాబు చెప్పామా? మనం పోలీస్ స్టేషన్‌కి వెళ్లాం. ఎన్440కె గురించి భయం పుట్టించారని అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు మీద కర్నూలులో కేసు పడింది. ఆ బాకీ ఉంచుకోకూడదని తెలుగుదేశం వాళ్లు, అదే వైరస్ గురించి అలాగే మాట్లాడారంటూ అప్పటి మంత్రి సీదిరి అప్పలరాజు మీద ఫిర్యాదు పెట్టారు. ఆయన అప్పట్లో మా పలాస ఎమ్మెల్యే, పైగా చదివింది వైద్యం. ఒక అమైనో ఆమ్లం సీటు మారినందుకు రెండు పార్టీల నాయకుల మీద కంప్లయింట్లు పడడం వైరాలజీ చరిత్రలో ఇదే మొదటిసారి అయుండాలి. ఆ స్టేషన్ రైటరు ‘ఆస్పరాజిన్ స్థానంలో లైసిన్’ అని ఎఫ్‌ఐఆర్‌లో ఎలా రాశాడో చూడాలని నాకిప్పటికీ కోరిక. నిందితుల కాలమ్‌లో రాజకీయ నాయకుల పేర్లున్నాయి సరే, సాక్షుల కాలమ్‌లో లైసిన్ పేరుందా?

ఇంతకీ ఢిల్లీకి ఊరి పేరు అంటగట్టడం మీద ఉన్న అభిప్రాయం ఏమిటి? అది ఆ ఊరు ఏది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. మే 6న నగర ఢిల్లీ ఆంధ్రా తెలంగాణల కొత్త రకం అని ఉత్తర్వు ఇచ్చిందా? మే 12న కేంద్ర ఢిల్లీ కోపగించుకుంది. బి.1.617ని ‘ఇండియన్ వేరియంట్’ అని రాస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నివేదికలో అలా అననే లేదు, ఇది నిరాధారం అని ప్రకటన ఇచ్చింది. మే 18న నగర ఢిల్లీ ముఖ్యమంత్రి కేజ్రీవాల్, సింగపూర్‌లో కొత్త రకం వచ్చిందట, పిల్లలకు ప్రమాదమట, విమానాలు ఆపండి అన్నారు. సింగపూర్ మండిపడి మన హైకమిషనర్‌ను పిలిపించి మందలించింది. మా దగ్గర దొరికింది మీ దేశం నుంచి వచ్చిన బి.1.617.2 కదా నాయనా అంది. విదేశాంగ మంత్రి వెంటనే ఢిల్లీ ముఖ్యమంత్రి దేశం తరఫున మాట్లాడరని సర్దిచెప్పారు. మే 21న కేంద్ర ఐటీ శాఖ ‘ఇండియన్ వేరియంట్’ అన్న మాట ఉన్న సమాచారమంతా తీసెయ్యమని సోషల్ మీడియా కంపెనీలకు లేఖ రాసింది. ఒక్క నెలలో ఇన్ని పౌరుషాలు! ‘ఇండియన్’ అంటే దేశానికి అవమానం. ‘సింగపూర్’ అంటే దౌత్య సంక్షోభం. ‘ఆంధ్రా’ అంటే ప్రజారోగ్య చర్య. సింగపూర్‌కి దౌత్య కార్యాలయం ఉంది. పాతపట్నానికి ఉన్నది బస్టాండు.

ఇక్కడ నవ్వడం కాసేపు ఆపుతాను.

ఆ స్ట్రెయిన్‌కి పేరు పెట్టడానికి దాదాపు వారం ముందు, ఏప్రిల్ ఆఖర్లో, మందస మండలం నుంచి ఒక మహిళను ఒంట్లో బాగాలేదని పలాస-కాశీబుగ్గకు తీసుకొచ్చారు. కోవిడ్ లక్షణాలు. పరీక్షకు శాంపిల్ ఇచ్చారు. ఫలితం రాకముందే ఆమె ప్రాణం పోయింది. అంబులెన్సు దొరకలేదు. కొడుకూ అల్లుడూ మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్యా శవాన్ని కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకెళ్లారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది. అంతకు పది నెలల ముందు ఇదే పలాసలో ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీ తొట్టిలో తరలించారు. అధికారుల సస్పెన్షన్లు, విచారం, విచారణ అన్నీ జరిగాయి. తర్వాతి ఏడాదికి జేసీబీ పోయి బైకు వచ్చింది. శ్రీకాకుళం మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చే కాగితం చచ్చేలోపు అందలేదు. అదే జిల్లా ఉన్న రాష్ట్రం పేరుతో వైరస్‌కు కాగితం వారంలో ఢిల్లీ చేరింది. ల్యాబు లేని చోట కూడా పేర్లు పెట్టే ల్యాబులు ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తాయి.

ఉద్దానం మాట ఎత్తకుండా ఉండలేను. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస కొబ్బరి తోటల కింద దశాబ్దాలుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. నీళ్లన్నారు, నేలన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. ఆసుపత్రి కట్టారు, నీళ్ల పైపులు వేశారు, మంచిదే. కారణం మాత్రం ఇదీ అని ఖాయంగా తేల్చినవాడు లేడు. కారణం తెలియదు గనక దానికి వైద్యపుస్తకాల్లో పెట్టిన పేరు ‘ఉద్దానం నెఫ్రోపతీ’. ఊరి పేర్లు కొత్త జబ్బులకు పెట్టకండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఉద్దానానికి ఆ జీవో ఇంకా అందినట్టు లేదు. పక్కింటి సంబంధాలు కూడా తప్పిపోతున్నాయి బావూ అని అక్కడి ముసలమ్మలు ఎన్నాళ్లు ఏడ్చినా ఏ ఐటీ శాఖా ఎవరికీ లేఖ రాయలేదు.

మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ గొడవంతా చూసి, ఊళ్ల పేర్లొద్దు, గ్రీకు అక్షరాలు వాడండి అంది. బి.1.617.2 డెల్టా అయింది. అసలైన దుష్టుడు వాడే. దేశాన్ని ఆ వేసవిలో దహించింది వాడు. మన గొప్ప ఎన్440కెకి అక్షరం కూడా దక్కలేదు. పోటీలో నిలబడలేక అప్పటికే తప్పుకుంది. ఊరి పేరు పోగొట్టింది గాని, ఊరికి ఒక గ్రీకు అక్షరమైనా సంపాదించిపెట్టలేదు.

అక్షరాల వరసలో నవంబర్ 26న ఇంకో మర్యాద జరిగింది. కొత్త రకానికి పేరు పెట్టాల్సొచ్చి, ‘న్యూ’ అక్షరం ఇంగ్లీషులో కొత్త అన్న మాటలా వినిపిస్తుందని దాటేశారు. తర్వాతది ‘క్సై’. ఇంగ్లీషులో రాస్తే అది చాలామందికి ఇంటిపేరు గనక వాళ్లు నొచ్చుకుంటారని అదీ దాటేశారు. చైనా అధ్యక్షుడి ఇంటిపేరు కూడా అదే కావడం యాదృచ్ఛికం అనుకుందాం. ఆ తర్వాతది ఓమిక్రాన్. ఒక ఇంటిపేరుకు దక్కిన ఈ జాలి ఐదు కోట్ల మంది ఉన్న రాష్ట్రం పేరుకు దక్కలేదు. మాలో ఎవరో ఒకరు మహాదేశానికి అధ్యక్షులయ్యి ఉండాల్సింది.

డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఓమిక్రాన్ కేసు ప్రకటించారు. ఎక్కడో కాదు, విజయనగరంలో. ఐర్లాండ్ నుంచి ముంబైలో దిగి, అక్కడి పరీక్షలో నెగెటివ్ వచ్చి, విశాఖ మీదుగా వచ్చిన ప్రయాణికుడు. విజయనగరంలో మళ్లీ పరీక్ష చేస్తే పాజిటివ్. శాంపిల్ వెళ్లింది ఆ సీసీఎంబీకే. జన్యు పాఠం చదివి ఓమిక్రాన్ అని తేల్చారు. ఈ ఓమిక్రాన్ ఒంటి మీద ముప్పైకి పైగా కొత్త మచ్చలున్నాయి. వాటి పట్టిక ప్రపంచంలో ప్రతి పత్రికా అచ్చేసింది. 417, 446, 478, 484, 501 అంటూ పోయే ఆ వరసలో, 417కీ 446కీ మధ్య ఒకటుంది. 440. ఎన్ పోయి కె. అక్షరం పొల్లుపోకుండా అదే మార్పు. మన దగ్గర్నుంచి వెళ్లింది కాదు, ఓమిక్రాన్ శాఖలో విడిగా పుట్టిందే.

ఏడు నెలల ముందు ఇదే 440 కోసం గేట్లు వేశారు, కేసులు పెట్టారు, పదిహేను రెట్లన్నారు, వెయ్యి రెట్లన్నారు. ఇప్పుడది విమానం దిగి సరాసరి విజయనగరం వచ్చింది. దాని సంగతి ఒక్క స్క్రోలింగూ ఎత్తలేదు, ఒక్క నాయకుడూ నోరు మెదపలేదు, కర్నూలులో ఒక్క ఫిర్యాదూ పడలేదు. ఐర్లాండ్ స్ట్రెయిన్ అని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. ప్రయాణికుడికి లక్షణాల్లేవు, మళ్లీ పరీక్షిస్తే నెగెటివ్ వచ్చింది, ప్రజలు కంగారు పడొద్దు అని ఆరోగ్య శాఖ ఎంతో మర్యాదగా ప్రకటించింది. ఆ ప్రకటన నకలు ఒకటి మే నెల తేదీ వేసి పురుషోత్తపురం చెక్‌పోస్టు అవతలికి పంపిస్తారా అని అడుగుదామంటే, ఏ కౌంటరులో అడగాలో ఎవరూ చెప్పడం లేదు.